సగం విన్న మొర

చెంచాతో పాలు పట్టాలంటే పాపను నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. ఏమాత్రం వాల్చినా పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి. పై పెదవి మధ్యలో చీలి, ఆ చీలిక ముక్కు దాకా పోయింది మరి. ఒక గుక్క పట్టి, ఆగి, మూతి తుడిచి, మళ్ళీ పట్టేసరికి పూటంతా గడిచిపోతుంది. మధ్యలో తలుపు చప్పుడైతే చాలు, తల్లి చేయి దానంతటదే గుడ్డ తీసి పాప మొహం మీద వేస్తుంది.

"పిల్లను చూపించవేమిటమ్మా, దిష్టి పెడతానా?" అంటుంది పక్కింటావిడ.

"ఇప్పుడే నిద్రపోయిందక్కా."

గుడ్డ కింద పాప కళ్ళు విప్పార్చుకుని ఉంటుంది. మొహం కప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సిగ్గు చెప్పింది.

"కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఏడుపే. తల్లి దిగులు బిడ్డకు తగలకుండా పోతుందా?" అని అత్తగారు కాన్పు గదిలోనే తేల్చేసింది. భర్త గొంతు పెంచే మనిషి కాదు. "మనసు నిమ్మళంగా ఉంచుకోమని చెప్పానా లేదా?" అన్నాడంతే. చెప్పాడు, నిజమే. పగలంతా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసి ఆమె ఇంటికొచ్చాక, "ఊరందరి బట్టలకూ చేతులొస్తాయి, నా చొక్కాకే రావు" అని విసుక్కుంటూ, ఆ నోటితోనే చెప్పాడు.

వాళ్ళకు తెలియని పాపం ఒకటి ఆమె దగ్గర ఉంది. రెండో నెలలో ఆవిరి వాసనకు వాంతి చేసుకుంటే లాండ్రీ యజమాని, "ఓహో, కడుపా? ఇంకేం, ఒళ్ళు వంగదు" అని నవ్వాడు. ఆ సాయంత్రం అంట్లగిన్నెల ముందు నిలబడి, "స్వామీ, ఈ బిడ్డ ఇప్పుడు వద్దు" అనుకుంది. ఒక్కసారే. మర్నాడు దీపం పెట్టి లెంపలు వేసుకుంది. అయినా ఆయన సగం విన్నాడు కాబోలు. బిడ్డనిచ్చి, పెదవి ఆపేశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప మూతిని వేలితో తడిమి చూసింది. "ఇంకొంచెం బరువు పెరగనీ, కుట్టేద్దాం. చక్కగా పాలు పడుతున్నావమ్మా" అంది. ఆ ఒక్క మెచ్చుకోలుకే ఆమె తల వంగిపోయింది.

"ఇదంతా దీని ఏడుపు వల్లే కదండీ?" అంది పక్కనే కూర్చున్న అత్తగారు.

"అలా అనలేమండీ. పెదవి తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనే. దిగులు మంచిది కాదు, కానీ ఈ చీలిక దానివల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేరు. చాలామంది పిల్లల్లో కారణమే దొరకదు." డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇంతకీ అంతగా ఎందుకేడ్చింది? ఇంట్లో ఇబ్బందేమైనా ఉందా?"

"ఇబ్బందా! పువ్వుల్లో పెట్టి చూసుకున్నాం. దీని కంట నీటిచుక్క రానిచ్చామా?"

అలవాటు కొద్దీ ఆమె తలూపబోయింది. ఊపలేకపోయింది. ఇంట్లో ఉంటే ఏడ్చిన పాపం ఆమెది, ఇక్కడికొస్తే ఆ ఏడుపే లేదు. ఏడవకపోతే మరి పాపం ఏది? ఇంకో సంగతి కూడా అప్పుడే తోచింది. నడుం విరుగుతోందని, కాస్త కూర్చోనిచ్చే మనిషి కావాలని రోజూ మొక్కుకుంటే ఒక్కటీ వినని దేవుడు, అలసిపోయి అన్న ఆ ఒక్క మాటే విన్నాడా? ఆయన అంత చెడ్డవాడా? ఇన్నేళ్ళుగా దీపం పెడుతోంది, ఆ మాత్రం తెలియదా ఆయన సంగతి?

"లే, పాలవేళ అవుతోంది" అంటూ అత్తగారు లేచింది.

"ఇక్కడే పాలు పడతాను, అత్తయ్యా." ఆమె పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఏడ్చానండీ. రోజూ ఏడ్చాను. ఎందుకో చెప్తాను. మీరూ కూర్చోండి, అత్తయ్యా. కొన్ని మీకూ తెలియవు."