ఎర్రవంక మచ్చుకత్తి

అట్లా కాదు మే చౌడీ, ఆ ముక్క కొట్టెయ్. ‘తుప్పు పట్టిన కత్తి, ఒకటి’ అని రాస్తే అది లిస్టు అవుతుంది గానీ నా బతుకు అవుతుందా? మీ తాత కదిరప్ప చేతిలో ముప్పై ఏండ్లు ఉన్నోణ్ణి నేను. ఆ లెక్కన నువ్వు నాకు మనవరాలివే. ఈ ఫారెస్టు ఆఫీసు గదిలో సామాన్లన్నీ రాసుకోమని నిన్ను పంపించినారు గదా, నాది కొంచెం పొడుగ్గా రాయి. నేను మెల్లగా చెప్తా.

నేను ఒక మచ్చుకత్తిని. ముందు లారీ కింద కమాను పట్టాగా ఉన్నా. బరువు మోసి మోసి విరిగితే, కమ్మరి వీరాచారి కొలిమిలో పెట్టి, కొట్టి, ముక్కు వంచి, తుమ్మ పిడి తొడిగినాడు. మీ ముత్తాత గుర్రప్ప నన్ను తెచ్చుకున్నాడు. ఆయన చేతులు సన్నగిల్లినాక మీ తాతకు వచ్చినా.

మీ ఇంట్లో పని గంపలల్లేది. గంపకు వావిలి బరికె కావాల. ముదిరిన బరికె వంచితే పుటుక్కున విరుగుతుంది, లేతది చెప్పినట్టు వింటుంది. అందుకని మీవాళ్ళు అడవిలో ఎర్రవంక వాగు గట్ల మీది వావిలి పొదల్ని మూడు పాళ్ళు చేసుకున్నారు. ఏడాదికి ఒక్క పాలే కోసేది, మిగిలిన రెండింటి జోలికి పోయేది లేదు. వేళ్ళకు దెబ్బ తగలకుండా జానెడు మోడు వదిలి, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోస్తాడు మీ తాత. వాన పడితే మోడు మోడుకీ పది చిగుళ్ళు. అందుకే ఎప్పుడు చూసినా వంకలో ఒకచోట చిగురు, ఒకచోట మోకాలెత్తు పొద, ఒకచోట నడుమెత్తు పొద ఉండేది.

కౌజు పిట్టలకు కావాల్సింది అదే. కోడిపిల్లంత పిట్ట, ఎగిరేదానికన్నా ఉరికేదే ఎక్కువ. గద్ద కంటపడకుండా దూరేదానికి పొద ఉండాల, పిల్లలు పురుగులేరుకునేదానికి పక్కనే ఎండ తగిలే నేల ఉండాల. పొద్దున మేం పోయేసరికి ఈ గట్టు మీద ఒకటి అరిస్తే ఆ గట్టు మీద నాలుగు బదులు పలికేవి.

తర్వాత, అడవిలో కొమ్మ తుంచినా కేసేనని బోర్డు కట్టినారు. మంచిదే, లారీలకు లారీలు తోలేవాళ్ళుండారు. ఆ లారీలకు ఈ బోర్డు ఎందుకు కనబళ్ళేదో నాకు తెలీదు. మీ తాత మాత్రం ఆ ఏడాది పాలు కోయకపోతే పొద ముదిరిపోతుందని పోయినాడు. గార్డు వస్తా ఉంటే నన్ను పట్టుకుని కంపలో కూర్చున్నాడు. గార్డు చూడలేదు మే. ఇంకో పది అడుగులేస్తే దాటి పోయేవాడు. అంతలో ఈ మహానుభావుడు లేచి నిలబడి, “సారూ, కాలు పక్కన పెట్టండి. ఆడ కౌజు గుడ్లుండాయి” అన్నాడు.

ఇప్పటి మాదిరి అప్పుడు నాకు నోరుంటే అరిచేవాణ్ణి. గార్డు కాలు పక్కనే పెట్టినాడు, గుడ్లు దక్కినాయి. మీ తాత మాత్రం దొరికిపోయినాడు.

ఆఫీసులో ఎందుకు కోసినావని అడిగితే “గంపలకు” అన్నాడు. అంతే! ఇట్లా కోస్తేనే చిగురొస్తుంది, చిగురుంటేనే పిట్ట నిలుస్తుంది అని ఒక్క మాట చెప్పొచ్చు గదా. అడిగినదానికే జవాబు చెప్తాడంట. వాళ్ళేమో ‘అడవిని నాశనం చేసినాడు’ అని రాసుకోని, నాకు చీటీ కట్టి ఈ మూల పడేసినారు. ఆయన అలిగి మళ్ళా వంక తొక్కలే. గంపలూ మానేసినాడు.

తొమ్మిదేండ్లయింది. వావిలి ముదిరి, పైన కమ్ముకుని, కింద గడ్డి పోచ మొలవకుండా చేసింది. చూసేవాళ్ళకు పచ్చగా ఉంది. అడవి బాగా పెరిగిందని ఫోటోలు తీసుకున్నారు. కౌజులు ఏమైనాయని ఒక్కరూ అడగలే.

ఇప్పుడొచ్చిన కొత్త ఆఫీసరు సారు అడిగినాడు. ఆయన మెడలో దుర్భిణి, చంకలో పిట్టల పుస్తకం. వంకంతా తిరిగి, ఈడ పొదల్ని వంతులవారీగా కోసి లేతగా ఉంచాల, లేకపోతే కౌజు మిగలదు అన్నాడు. సంతోషంతో నాకు తుప్పు రాలినంత పనయింది. కానీ ఆయన చెప్పింది వంతులవారీగా, కిందోళ్ళు చేసింది ఒకే దెబ్బ. మిషన్ పెట్టి రెండు పాళ్ళు వేళ్ళతో సహా పెళ్ళగించినారు. ఇంక చిగురు యాడినుంచి వస్తుంది?

మిగిలింది వంక మలుపు దగ్గర మూడో పాలు. ఒకే ఒక్క జత ఆడ గుడ్లు పెట్టిందని నిన్న నువ్వే గదా గార్డుతో చెప్పినావు. దాన్ని కూడా సోమవారం తోసేస్తారంట. సారు మీటింగుకు పోయినాడు, గురువారం దాకా రాడు. వాళ్ళను నిలబెట్టి, ఇది కోయాల, ఇది వదలాల అని చెప్పగలిగినోడు మీ తాత ఒక్కడే. సారు ఊరికి పోయే ముందు మనిషిని పంపితే మీ తాత ఏమన్నాడు? “నా కత్తి ఇయ్యండి, వస్తా” అన్నాడు. కత్తి కేసులో ఉంది, పై నుంచి కాగితం రావాల అని వీళ్ళు. కాగితం వచ్చేదాకా పొదగడం ఆపమని కౌజుకు ఎవరు చెప్తారు?

ఇదంతా ఇంటికి తీసుకుపోయి మీ తాతకు చదివి వినిపించు. చెవుడు గదా, కుడిపక్క కూర్చోని గట్టిగా చదువు. నా కోసం చూడొద్దను. నేను ఈడే ఉంటా, యాడికి పోతా? సోమవారం మిషన్ కంటే ముందు వంక మలుపులో నిలబడి, ఈడ కాదు అని వేలు చూపిస్తే చాలు, దానికి కత్తెందుకు? అలగాలంటే పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి ఉరికినాక అలగమను.