మొదటి రీలు వాన

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మానసిక ఆసుపత్రి ఆడవార్డులో ఆయమ్మకు రెండు పనులుండేవి. అందరి చేతులూ కడిగించి హాల్లో కూర్చోబెట్టడం ఒకటి, సినిమా అయ్యాక నేల తుడవడం రెండోది. మొదటి పనికి ఆమె ఎన్నడూ విసుక్కోలేదు. రెండో పని దగ్గరే ఆమె నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఎందుకంటే ఆ సినిమాలో వాన పడుతుంది. పడిన వాన పడినట్టు తెర మీంచి కిందికి కారి ముందు వరుసను తడిపేసేది.

అదొక పాత సస్పెన్స్ సినిమా. మిగతా రీళ్లు ఎటుపోయాయో గానీ, ఆసుపత్రికి దక్కింది మొదటి రీలు ఒక్కటే. అందులోనూ ఇలాంటి పిచ్చాసుపత్రే. జోరువానలో గేటు తెరుచుకుంటుంది, నల్లకారు లోపలికి వస్తుంది, గొడుగు వేసుకుని ఒకాయన దిగుతాడు. మెట్ల మీదున్న నర్సుతో, మా చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చానంటాడు. ఆవిడ కళ్లైనా ఆర్పకుండా, మీరు చెప్పే మనిషి ఇక్కడ లేదండీ అంటుంది. ఆయన మొహం పాలిపోతుంది. అంతే, రీలు అయిపోతుంది.

నలుపు తెలుపు సినిమా కాబట్టి ఆ నీళ్లు బూడిదరంగులో ఉండేవి, ఎంత తుడిచినా మరక వదిలేది కాదు. సినిమా వేసే ఎలక్ట్రీషియన్ని ఆయమ్మ తిట్టని ఆదివారం లేదు. వాన లేని సినిమా ఒక్కటీ దొరకలేదా నాయనా అనేది. ఈసారి ఎండ కాసేది తెస్తాలే, బట్టలారేసుకుందువు గాని అని ఆయన నవ్వేవాడు.

సరిగ్గా వాన పడే చోట బొత్తాలమ్మ కూర్చునేది. వార్డు బట్టలన్నిటికీ బొత్తాలు కుట్టేది ఆమే కాబట్టి ఆ పేరు. ఆమె జబ్బు నయమై చాలా కాలమైంది, ఆ మాట డాక్టర్లే చెప్పారు. కానీ సొంతవాళ్లెవరైనా వచ్చి వెంటబెట్టుకు వెళ్తేనే గేటు దాటనిస్తారు, అది అక్కడి రూలు. ఆమెకున్నది ఒక్క అన్న. ఎదురుచూసి చూసి ఆమె కళ్లు కాయలు కాచాయి, ఆ అన్న మాత్రం మొహం చాటేశాడు.

ఆ వారం కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు, తీసుకెళ్లే దిక్కులేని వాళ్లందరినీ సోమవారం వెనక బిల్డింగుకు మార్చేయమన్నాడు. అక్కడికి మారినవాళ్లు మళ్లీ ఇంటికి వెళ్లడం ఎవరూ చూడలేదు. ఆయమ్మ ఆఫీసువాళ్లను బతిమాలి ఆ అన్నకు ఫోను చేసింది. ఆయన గొంతేమీ కటువుగా లేదు. ఇంట్లో చోటు లేదనీ, పిల్లలు బెదురుతారనీ, అయినా మీరంతా బాగానే చూసుకుంటున్నారు కదా అనీ నెమ్మదిగా చెప్పి పెట్టేశాడు. అంత మెత్తగా మాట్లాడేవాళ్లతో పోట్లాడటానికైనా వీలుండదు.

ఆదివారం చేతులు కడిగిస్తూ ఆయమ్మ ఆ సంగతి కడుపులో దాచుకోలేక చెప్పేసింది. బొత్తాలమ్మ ఏడవలేదు. మేనల్లుళ్లు ఎంత పొడుగయ్యారట అని అడిగింది. ఆయమ్మ టవలు అందించింది.

సినిమా మొదలైంది. వాన పడగానే ముందు వరుసవాళ్లు ఎప్పట్లాగే నెత్తిన టవళ్లు కప్పుకున్నారు. కారు వచ్చింది, ఆయన దిగి చెల్లెలి కోసం అడిగాడు, నర్సు లేదంది. సినిమా జరిగేటప్పుడు మాట్లాడకూడదని వార్డంతటికీ నేర్పింది ఆయమ్మే. అందుకే ఇన్నేళ్లుగా ఆయన అడుగుతున్నా ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ రోజు బొత్తాలమ్మ లేచి నిలబడింది.

"ఉన్నానన్నయ్యా. ఇక్కడే ఉన్నాను."

ఆయన నర్సును వదిలి హాలు వైపు తిరిగాడు. తెర అంచుదాకా నడిచివచ్చి గొడుగు ముందుకు చాపాడు. అదే వానలో ఏళ్ల తరబడి నిలబడి అలిసిపోయిన మొహం ఆయనది.

"ఇంత దగ్గర్లో ఉండి ఒక్కసారైనా పలకలేదేమమ్మా" అన్నాడు.

అందరూ ఆయమ్మ వైపు చూశారు, రూలు రూలే కదా. ఆమె గొంతు సవరించుకుని, వచ్చిన చుట్టాలందరినీ అడిగే మాటే ఆయన్నీ అడిగింది.

"మీరు ఈమెకేమవుతారండీ?"

"అన్నయ్యని."

"బాగా చూసుకుంటారా?" ఈ ప్రశ్న రూల్లో లేదు.

ఆయన తలూపాడు.

"అయితే తీసుకెళ్లండి. చీకటంటే భయం, రాత్రిళ్లు లైటు ఆర్పకండి."

బొత్తాలమ్మ ఆయమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. తెర ఎక్కగానే ఆమె ఆకుపచ్చ గౌను బూడిదరంగుకు తిరిగింది. కారు వెనక్కి మళ్లి గేటు దాటి వెళ్లిపోయింది. సోమవారం పెద్ద డాక్టరు అడిగితే, వాళ్లన్నయ్య వచ్చి తీసుకెళ్లాడని ఆయమ్మ చెప్పింది. పోనీలే, మంచిదేగా అన్నాడాయన.

తర్వాతి ఆదివారం వెనక బిల్డింగుకు మారినవాళ్లనూ హాలుకు తీసుకొచ్చి కూర్చోబెట్టారు. అదే రీలు వేశారు. వాన పడింది, గేటు తెరుచుకుంది, కారు రాలేదు. మెట్ల మీద నర్సు ఒక్కతే నిలబడి ఉంది. కాసేపటికి ముందు వరుసలోంచి ఒక ముసలామె లేచి, ఉన్నాను అంది. పక్కనున్నామె, నేనూ ఉన్నానంది. వాళ్ల వెనక ఇంకొకరు, ఆ తర్వాత వరుస మొత్తం. చివరికి హాలంతా లేచి నిలబడింది.

నర్సు వాళ్ల వైపు తిరిగింది. ఈసారి ఆమె కళ్లు దించుకుంది.

"మీ కోసం ఎవరూ రాలేదమ్మా" అంది.

రీలు అయిపోయింది, ఎలక్ట్రీషియన్ లైట్లు వేశాడు. ఎవరూ కూర్చోలేదు.