కొర్రమీనుకు కొత్త డ్రమ్ము

కొర్రమీనును కూర వండుకోకుండా పెంచుకుంటున్న ఇల్లు ఆ ఊళ్లో కోటిరత్నానిదొక్కటే. మిరప తోట పక్క కాలవలో వేలెడంత పిల్ల దొరికితే చెంబులో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఇప్పుడది మోచేతి పొడుగైంది. ఉన్న గాజు తొట్టిలో తోక ఒక గోడకి, మూతి ఇంకో గోడకి. రాసుకుని రాసుకుని మూతి పుండు పడింది. పెద్ద తొట్టి కట్టకపోతే దాన్ని మళ్లీ కాలవలో వదలాలి. వదిలితే సాయంత్రానికి ఎవరి పొయ్యి మీదో ఉడుకుతుంది, అందులో అనుమానమేమీ లేదు.

అంత తొట్టి కొనడం మిరప రైతు వల్ల అయ్యే పని కాదు. అందుకని మంచమంత ప్లైవుడ్ పెట్టె కొట్టించింది. లోపల ఫైబర్ పూత పూసి, ముందు వైపు అద్దం అంటించి, పూత వాసన పోయేదాకా ఎండలో పెట్టింది. ఇక మిగిలింది పైపులు, తొట్టి కింద పెట్టే ఫిల్టరు డ్రమ్ము. అక్కడే మొగుడికీ పెళ్లానికీ తగాదా.

"అడుగున కన్నం పెడదాం. గొడ్ల తొట్టికి అంతేగా," అన్నాడు పేరయ్య, డ్రిల్లు మిషను చేతపట్టుకుని.

"పెడితే, కరెంటు పోయినప్పుడు పైనున్న నీళ్లన్నీ కింద డ్రమ్ములోకి దిగుతయ్యి. అది నిండి వసారా అంతా పారుద్ది. చేప ఎండిన చెక్క మీద కొట్టుకుంటా ఉంటది."

"కరెంటు ఎందుకు పోద్ది?"

కోటిరత్నం అతని మొహం కేసి చూసింది. పేరయ్యకే నవ్వొచ్చింది.

కన్నం పై అంచు దగ్గరే పెట్టించింది. ఆ మట్టం దాటి పొంగిన నీళ్లే పైపులోంచి డ్రమ్ములో పడాలి. డ్రమ్ములో పైన మడ్డి ఆపే స్పాంజి. దాని కింద, మిగిలిపోయిన కొత్త డ్రిప్పు పైపును గోటి వెడల్పున కోసిన ముక్కలు, తట్టెడు. వాటికి పట్టే జిగురులోని సూక్ష్మజీవులే చేప వదిలే విషాన్ని తినేసేది. అడుగునున్న చిన్న మోటారు ఆ నీళ్లని మళ్లీ పైకి తోస్తుంది. మోటారు ఆగితే పైకెళ్లిన పైపే తొట్టిలో నీళ్లని వెనక్కి గుంజేస్తుంది. అందుకని నీటి మట్టానికి కాస్త కింద ఆ పైపుకి సన్న బెజ్జం. మట్టం దిగగానే గాలి దూరి గుంజుడు తెగుతుంది. పొలంలో మోటారు ఆగినప్పుడు డ్రిప్పు గొట్టాలు మట్టిని లోపలికి పీల్చుకోవడం చూసిన మనిషికి ఇది ఒకరు చెప్పాల్సిన పని కాదు.

ఇక డ్రమ్ము కావాలి. పేరయ్య పెరట్లోంచి నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. తోటకి పురుగుమందు కలిపేది.

"సబ్బేసి తోమా, ఇసకేసి తోమా. కావాలంటే చూసుకో."

కోటిరత్నం తల లోపల పెట్టి వెంటనే తీసేసింది. "వద్దు. దీంట్లో నీళ్లు తిరిగితే తెల్లారేసరికి చేప వెల్లకిలా పడుద్ది."

"నీదంతా చాదస్తం. పోయినేడు కోతల్లో కూలోళ్లకి తాగే నీళ్లు దీంట్లోనే పట్టాం. ఎవరికన్నా ఏమన్నా అయ్యిందా?"

"అయ్యిందిగా," అంది గుమ్మంలోంచి మస్తాన్‌బీ. మిర్చి కోత ముఠాకి ఆమే పెద్ద. రేపటి కోతకి ఎంతమంది కావాలో కనుక్కోవడానికి వచ్చింది. "కడుపులో తిప్పుడు, వాంతులు. ఎండదెబ్బ అన్నారు మీరు. అంతే కాబోలు అనుకున్నాం మేమూ."

ఈ నేల మీద ఏ తోటకెళ్లినా ఇదే వరస. మందు డ్రమ్ము కడిగేది, కూలోళ్ల నీళ్లకి పెట్టేది. రైతు మాత్రం ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటాడు. దీన్ని తప్పని ఎవరూ అనుకోరు. అలవాటు అంటారు.

"చేపకి వద్దన్నావుగా కోటిరత్నమ్మా," అంది మస్తాన్‌బీ మామూలుగానే. "మరి మా సంగతేంది?"

కోటిరత్నం మొగుడి చేతిలోంచి డ్రిల్లు లాక్కుని డ్రమ్ము కడుపులో కన్నం పెట్టింది. పక్కనే ఇంకోటి పెట్టింది.

"ఏందే ఇది, బంగారం లాంటి డ్రమ్ము," అన్నాడు పేరయ్య.

"కొత్తవి రెండు తే. మంచినీళ్లవి. చేపకొకటి, తోటలోకొకటి."

"మరి మందు దేంట్లో కలపను, నా నెత్తినా?"

"అయితే మూడు తే. మందుదానికి ఎర్రరంగు పూస్తా."

"పుర్రె బొమ్మ కూడా ఎయ్యమ్మా," అంది మస్తాన్‌బీ. "పేరయ్య గారికి రంగులు గుర్తుండవు."

"రేపట్నుంచి నేనూ మీ డ్రమ్ములోవే తాగుతా," అంది కోటిరత్నం.

"చూస్తాంగా."

పేరయ్య గొణుక్కుంటూ బండి తీశాడు. మర్నాడు కోతల్లో మధ్యాహ్నం కోటిరత్నం సీసా లేకుండా వచ్చి, కూలోళ్ల వరసలో నిలబడి, వాళ్ల గ్లాసుతోనే తాగింది. మస్తాన్‌బీ చూసింది.

తొట్టిలో నీళ్లు నింపిన రోజు కోటిరత్నం కావాలని స్విచ్చి తీసేసింది. నీళ్లు కన్నం అంచున ఆగాయి. పైపు ఒక్కసారి గుటక వేసి ఊరుకుంది. వసారా తడవలేదు. పాత తొట్టి స్పాంజిని పైపు ముక్కల మీద పిండి, ఆ మడ్డిలోని సూక్ష్మజీవులు వాటికి బాగా పట్టేదాకా ఓపిక పట్టింది. ఆ తర్వాతే చేపను మార్చి, ఎగిరి దూకకుండా పైన వల బిగించింది.

కోతలైపోయిన సాయంత్రం మస్తాన్‌బీ వచ్చి అద్దం ముందు చతికిలబడింది. "పులుసు పెడితే వీధి వీధంతా తింటది," అంది.

"నోరు కడుక్కోవే," అంటూ కోటిరత్నం ఆమె పక్కనే కూర్చుంది.

చేప ఆ చివరిదాకా తాపీగా ఈది, ఒళ్లంతా తిప్పుకుని, వాళ్ల వైపు వచ్చింది.