జారుడు మీద పన్నెండు పేజీలు

కళ్ళద్దాల షాపాయనకి సంగీతం తెలుసు. ఆ సంగతి వీధంతా తెలుసు, ఆయనే చెప్పుకుంటాడు కనక. చూపు బాగుచేయించుకుందామని వచ్చినవాళ్ళు పాపం చెవులు అప్పజెప్పి పోతుంటారు.

పదిహేనేళ్ళుగా వెనక వరసలో కూర్చోబెట్టిన సంగీత సంఘం, ఈ ఆదివారం మొదటిసారి ఆయన్ని వేదిక మీదికి పిలిచింది. పన్నెండు పేజీలు రాసుకున్నాడు. పాత గాయని ఒకావిడ రికార్డు ఆయన దగ్గర తప్ప ఊళ్ళో ఇంకెక్కడా లేదు. అందులో ఆలాపన మధ్యలో ఆవిడ గొంతు ఉన్నట్టుండి కిందికి జారి, మళ్ళీ లేస్తుంది. ఆవిడ దుఃఖమంతా ఆ జారుడులోనే ఉందట. పన్నెండు పేజీలూ అదే.

ముందు ఎవరిమీదైనా ప్రయోగించి చూడాలిగా. శుక్రవారం సాయంత్రం మందుల షాపాయన్నీ, కుట్టుమిషన్ల మెకానిక్‌నీ ఇంటికి పిలిచాడు. సినిమా పాట తప్ప ఎరగని మనుషులు. గాడిదకేం తెలుసు గంధపు వాసన అనుకుంటూనే రికార్డు పెట్టాడు.

మందుల షాపాయన రెండు నిమిషాలకే ఆవులించాడు. మెకానిక్ మాత్రం తల పక్కకి వంచి విన్నాడు. గొంతు జారింది.

"విన్నావా? అదీ దుఃఖమంటే," అన్నాడు కళ్ళద్దాల షాపాయన.

"అది ప్లేయరు బెల్టు అన్నయ్యా," అన్నాడు మెకానిక్. "సాగిపోయింది. మోటారు వేడెక్కగానే జారుతోంది."

"నీకు మిషన్లే వినపడతాయిరా."

కాఫీ తెచ్చిన భార్య అక్కడే నిలబడి, "ఏమో, ఈయన రికార్డుల్లో ఎవరు పాడినా ఏడుస్తూనే ఉంటారు మరి," అంది.

మెకానిక్ సంచిలోంచి బెల్టు తీశాడు. ఆయన వద్దనేలోపే వేసేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు గానీ, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు.

మళ్ళీ పెట్టారు. గొంతు జారలేదు. ఎక్కడా తొణక్కుండా, నిండుగా, హాయిగా సాగిపోయింది. ఆవిడ ఏడవడంలేదు, సంతోషంగా పాడుతోంది. మందుల షాపాయన కాఫీ పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయాక, "ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదే. ఇంకోసారి పెట్టండి," అన్నాడు.

నిజానికి కళ్ళద్దాల షాపాయనకీ అంత బాగా ఎప్పుడూ వినపడలేదు. లోపల ఏదో కదిలింది. కానీ బల్లమీద పన్నెండు పేజీలున్నాయి. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, "తలనొప్పిగా ఉంది," అని ఇద్దర్నీ పంపేశాడు. వాళ్ళు గుమ్మం దాటగానే కొత్త బెల్టు పీకి పాతది తగిలించాడు. భార్య చూసింది.

ఆదివారం సంఘంలో మంచి ప్లేయరుండగా తనది చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఈ గాయనిని దీంట్లోనే వినాలన్నాడు. సరిగ్గా సమయానికి గొంతు జారింది. సంఘం పెద్దలంతా కళ్ళు మూసుకుని, అబ్బా అని తలలూపారు. మహా రసికులు, ఒక్కడికి బెల్టు వినపడితే ఒట్టు.

వినడానికొచ్చి వెనక వరసలో కూర్చున్న మెకానిక్ లేచాడు. అన్నయ్య పరువు తీయడం ఇష్టంలేక తలుపు చప్పుడు కాకుండా వేసుకుని మరీ వెళ్ళాడు.

షాపాయన పన్నెండో పేజీ దాకా చదివాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆయన మాత్రం ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ నిలబడ్డాడు.