నాలుగు నుంచి ఆరు వరకు

మొదట్లో నా చేతిలో ఉన్నది ఇంత: అరవై ఎంబీల ఇంటర్నెట్ లైను ఒకటి, మెట్ల కింద మేకుకు తగిలించిన రౌటరు ఒకటి, దాని మీద ఆధారపడ్డ మనుషులు నలుగురు. కింద నా ఇనుప సామాన్ల కొట్టు, పైన ఇల్లు. రెండింటికీ అదే లైను.

నలుగురిలో అసలు అవసరం కోడలిది. చెవులు వినిపించని పిల్లలకు వీడియోలో సంజ్ఞల భాషతో పాఠాలు చెబుతుంది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అప్పటికే రెండుసార్లు మధ్యలో బొమ్మ ఆగిపోయింది. మాట తెగితే మళ్ళీ అడగొచ్చు. చెయ్యి గాల్లో ఆగిపోతే ఆ పిల్లలకు పాఠమే లేదు. బడివాళ్ళు మర్యాదగానే చెప్పారట, శుక్రవారం క్లాసు తాము కూర్చుని చూస్తామని, అదీ ఆగితే ఇంకొకరికి ఇస్తామని.

సరుకు తక్కువైనప్పుడు పంచడం నాకు కొత్త కాదు. అబ్బాయి రౌటరు పేజీ తెరిచి చూపించాడు. ఏ పరికరానికి ఎంత వేగం, ఏ గంట నుంచి ఏ గంట దాకా అని అందులో రాసి పెట్టొచ్చు. కళ్ళజోడు సవరించుకుని పంపకం మొదలుపెట్టాను. క్లాసు వేళలో మా ఆవిడ టీవీకి రెండు, అబ్బాయి ఫోనుకు ఒకటి, నా ఫోనుకు ఒకటి; మిగతాదంతా కోడలి ల్యాప్‌టాప్‌కి. ఆ సాయంత్రం సీరియల్లో మొహాలన్నీ అలుక్కుపోయాయి. ఎవరు ఏడుస్తున్నారో కూడా తెలియడం లేదని మా ఆవిడ సణిగింది గానీ, ఓర్చుకుంది.

అయినా బుధవారం క్లాసు మళ్ళీ ఆగింది. కోడలు కిందికి దిగొచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూలబడింది. నా పంపకంలో లోపం లేదని వాదించబోయాను.

“క్లాసులో పాప నాకు శుభ్రంగా కనిపిస్తోంది మామయ్యా. నేనే దానికి కనిపించట్లేదు.”

అప్పుడు వెలిగింది నాకు. ముప్పై ఏళ్ళుగా వచ్చే సరుకు, పోయే సరుకు విడివిడిగా రాసుకునే మనిషిని, ఇక్కడ వచ్చేదొక్కటే లెక్కేశాను. కోడలి బొమ్మ బయటికి పోయే దారి అరవై ఎంబీలు కాదు, ఆరే. అందులో ఎక్కువ ఎవరు మింగుతున్నారో చూడమని అబ్బాయికి చెప్పాను. వాడు చూసి, కొట్టు కప్పు వైపు వేలు చూపించాడు. పనివాళ్ళ మీద నమ్మకం చాలక నేనే పెట్టించిన నాలుగు కెమెరాలు. పొద్దస్తమానం బొమ్మలు తీసి బయటికి పంపుతూనే ఉన్నాయి.

“నా సీరియల్ నోరు కట్టారు. తినేది మీ కెమెరాలన్నమాట,” అంది మా ఆవిడ మెట్ల మీంచి.

నాలుగు నుంచి ఆరు దాకా కెమెరాలు ఏమీ పంపకుండా కట్టేశాను. కొట్టులో రద్దీ అంతా ఆ రెండు గంటల్లోనే, అందుకని నొక్కేముందు చెయ్యి కాస్త వెనకాడిన మాట నిజం. దాచి లాభం లేదనుకుని ఆ సంగతి పనివాళ్ళిద్దరికీ చెప్పేశాను.

“అవి చూడకపోతే మేం చూస్తాంలెండి,” అన్నాడు పెద్దవాడు, మేకులు తూకం వేస్తూనే.

శుక్రవారం కొట్టు వాళ్ళకి వదిలి పైకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద పాప, ఎనిమిదేళ్ళుంటాయేమో, కోడలి చేతులు చూసి పకపకా నవ్వి, తన చేతులతో ఏదో ఎదురు చెప్పింది. రెండు గంటల్లో ఒక్క వేలు కూడా ఆగలేదు. సోమవారం ఉద్యోగం ఖాయమని కబురొచ్చింది.

చివరి లెక్క ఇది. పోయింది, రోజుకు రెండు గంటల కెమెరా బొమ్మలు. వాటిని నేను ఒక్కనాడూ తిరిగి చూసింది లేదు. వచ్చింది, కోడలికి ఉద్యోగం, మా ఆవిడ టీవీకి పూర్తి వేగం, కొట్టును తమదిగా చూసుకునే ఇద్దరు మనుషులు. ఆపైన, కోడలు నేర్పగా, వేళ్ళతో సంజ్ఞల్లో పది దాకా లెక్కపెట్టడం నాకొచ్చింది.