చేతులు మాత్రమే కనిపించే ఆట

"జాన్ ఎవరు?"

ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మేజోళ్ళకు జతలు కలుపుతున్నాను. జోడు తప్పిపోయిన ఒంటి మేజోడు మీద జాలిపడుతున్న సమయంలో, గుమ్మంలో నిలబడి మా ఆయన అడిగిన ప్రశ్న అది.

"ఏ జాను?" అన్నాను. నాకు తెలిసిన జానల్లా జానెడు పొట్టే.

"నాకేం తెలుసు? నువ్వే 'జాన్, రా! జాన్, రా!' అంటుంటావట. తలుపేసుకుని మరీ."

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరైతేనేం? అన్నావా, లేదా?"

మా ఆయన బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తారు. కంపెనీ అమ్మేది ధీమా, ఈయన వాటాకి వచ్చింది అనుమానం. చచ్చినవాడైనా సరే, ఈయన ముందు లేచి నిలబడి "నిజంగానే పోయానండీ" అని ఒప్పించుకోవాలి. ఇంటికి రాగానే ఆఫీసు చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తారు గానీ, అనుమానాన్ని తగిలించేంత గట్టి కొక్కెం మా ఇంట్లో లేదు. నేను ఎవరినీ పిలవలేదన్నాను. "సరే" అన్నారు. ఆ సరేకి మా ఇంట్లో అర్థం 'విచారణలో ఉంది' అని.

నా ఉద్యోగం ఆటలాడటం. నవ్వకండి, నవ్వాల్సినవాళ్ళంతా ఇదివరకే నవ్వేశారు. కంప్యూటర్ ఆటలమ్మే ఒక కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తున్నాను. కొత్తగా వచ్చిన ఆటను నేను ఆడి, అది ఏ కోవలోకి వస్తుందో తేల్చి, కొనేవాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో రాయాలి. నాకు అప్పగించినవి భయపెట్టే ఆటలు. కథంతా 'నేను' కళ్ళతోనే చూడాలి. వ్యాకరణం ప్రకారం నేను అనుకునే ప్రతివాళ్ళూ ఉత్తమ పురుషే కదా, మా ఇంట్లో మాత్రం ఆ పదవి భర్తీ అయిపోయింది. "ఆడుకున్నందుకు జీతమా? అలాగైతే నిద్రపోయినందుకు నాకు బోనస్ ఇవ్వాలి" అని ఆ ఉత్తమ పురుషుడు చుట్టాలందరి ముందూ జోకు వేశారు. ఆ జోకుకి నేనే టీలు అందించాను.

ఆ ఆటల్లో నేను ఒక ఇంట్లో ఉంటాను. నా మొహం నాకు కనిపించదు. రెండు చేతులు మాత్రం తెర మీదికి వస్తుంటాయి: తలుపు తోస్తాయి, సొరుగు లాగుతాయి, తాళంచెవి వెతుకుతాయి. ఆయుధం ఉండదు. దయ్యం అడుగుల చప్పుడు వినపడితే బీరువాలో దూరి ఊపిరి బిగబట్టాలి. మొదటిసారి ఆడినప్పుడు ఇదెక్కడో చూసినట్టుందే అనిపించింది. మా ఇంట్లోనూ కంచం ముందుకు వస్తుంది, ఇస్త్రీ చొక్కా కుర్చీ మీదికి వస్తుంది, నీళ్ళ గ్లాసు అడక్కముందే వస్తుంది. తెచ్చిన చేతులకు మొహం ఉందో లేదో ఎవరూ తలెత్తి చూడరు. ఒక చెవి దయ్యానికీ, ఒక చెవి కుక్కర్‌కీ ఇచ్చి ఆడేదాన్ని. దయ్యాన్ని ఆపి కూర కలిపి వస్తే, పాపం అది నోరు తెరుచుకుని అలాగే ఎదురుచూస్తూ ఉండేది. నేను పనిలో ఉంటే అలా ఎదురుచూసే ప్రాణి మా ఇంట్లో మరొకటి లేదు.

ఉద్యోగం ఇంకా పరీక్షాకాలంలోనే ఉంది. ఈ ఆటల కోవకు సరైన నిర్వచనం నేను రాయగలిగితే ఖాయం, లేకపోతే ఖాళీ. అందుకు చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి, వెరసి మూసిన తలుపు కావాలి. మా అత్తగారికి ఆ తలుపే కంటగింపు. "తలుపెందుకమ్మాయ్? ఇంట్లో దొంగలున్నారా?" అనేవారు. "ఆడుకో, వద్దనను. తలుపు తీసి ఆడుకో" అని ఆయన తీర్పు.

మర్నాడు నా గదిలో కంప్యూటర్ తెర మీద జరిగిన కంపెనీ మీటింగులో మా టీమ్ లీడు, నా సగం వయసు కుర్రాడు, వాదన పెట్టుకున్నాడు. "మేడమ్, కొట్టడం లేదు, కాల్చడం లేదు. తలుపులు తీసుకుంటూ తిరగడం ఆటెలా అవుతుంది? అది వాకింగ్!"

"తుపాకి ఇస్తే అది యుద్ధం బాబూ. భయం ఉన్నదే చేతిలో ఏమీ లేనివాళ్ళకి. ఇది వేరే జాన్రా. ఈ జాన్రాలో..."

అక్కడే నా నాలుక ఆగిపోయింది. జాన్రా! ఆటల కోవకి మేం వాడే మాట అది. జాన్, రా! నవ్వు పొంగుకొచ్చింది, సగంలోనే విరిగిపోయింది. ఈ మాట నేను ఈ గదిలో తప్ప ఎక్కడా అనను. అదీ మీటింగులో, గొంతు తగ్గించి. మరి ఎవరు విన్నారు?

ముందు అత్తగారినే అనుమానించాను. కోడలి అనుమానం కొత్త దారులు తొక్కదు. ఆవిడ చెవిలో మిషను పెట్టుకున్నా కాలింగ్ బెల్లు వినిపించుకోరు, కానీ అది నటనేమో! ఆ వారమంతా గమనించాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చి మాటల మధ్యలో ఒక్కోటి విసిరేవారు. "పొద్దున కుర్చీలోనే కునుకు తీసినట్టున్నావ్." "వాళ్ళతో అంత నవ్వులేమిటి?" అంతా నిజమే. అత్తగారు కూతురింటికి వెళ్ళిన రోజున మాత్రం ఈ వార్తలు రావనుకున్నాను. ఆ రోజు కూడా సాయంత్రం బూట్లు విప్పుతూ, "ఇవాళ అన్నం తినకుండా బిస్కెట్లతో సరిపెట్టావేం?" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమకే నా వీపు చల్లబడింది.

ఈ ఆటలు ఆడేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. గదిలోకి అడుగుపెట్టగానే ఏ వస్తువునూ ముట్టుకోం. గోడకు ఆనుకుని ఒక చుట్టు తిరిగి, ఉండాల్సిన పద్ధతిలో లేనిదేదో చూస్తాం. నా గదిలో మొదటిసారి అలా తిరిగాను. పుస్తకాలు, కుర్చీ, ఇస్త్రీకి కట్టిన మూట, అన్నీ దుమ్ముతో సహా తమ తమ చోట్ల ఉన్నాయి. అలమర మీది గడియారం మీద మాత్రం దుమ్ము లేదు. "టైము తెలియకుండా ఆడుతున్నావ్" అని ఆయనే తెచ్చిపెట్టిన గడియారం. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో దేని మీదా దుమ్ము దులపని మనిషి దాన్ని ఒక్కదాన్నే రోజూ తుడుస్తున్నారు! నేను గోడవైపు జరిపినప్పుడల్లా అది మళ్ళీ నా కుర్చీకేసి తిరిగి ఉండేది. దించి చూశాను. అంకెల కింద చిన్న రంధ్రం, అందులో నల్లగా మెరుస్తున్న గాజు కన్ను.

అరవలేదు. ఆటలో అరిస్తే దొరికిపోతాం. యథాస్థానంలో పెట్టేసి, కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళూ కుదరని నిర్వచనాన్ని రాయడం మొదలుపెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం పంచాయితీ పెట్టారు. ఆయన తన అక్కని పిలిపించారు. అత్తగారూ వచ్చి కూర్చున్నారు. వదిన రాగానే ఎదుటి కుర్చీ చూపించింది. "కూర్చోమ్మా. మా తమ్ముడు సగమైపోయాడు. ఆ జాన్ సంగతేదో చెప్పేస్తే అందరం తేలికపడతాం."

"ఒక్క నిమిషం వదినా" అని లోపలికెళ్ళి, గడియారం తెచ్చి టీపాయ్ మీద పెట్టాను. దాని మొహం ఆయనవైపు తిప్పాను. ఆయన మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక టీవీ వైపు తిప్పుకున్నారు. ఆ టీవీ ఆపేసి ఉంది.

"జాన్ అనే మనిషి లేడు వదినా. ఆటల్లో ఒక్కో కోవని జాన్రా అంటాం. మీటింగులో నేనన్న మాట అది. మీ తమ్ముడికి జాన్, రా అని వినిపించింది."

వదిన పకపకా నవ్వింది. "ఓస్, ఇంతేనా! ఒరేయ్, చెవులు కడుక్కోరా!"

"అయిపోయింది కదా" అన్నారాయన గబగబా లేస్తూ. "తప్పుగా విన్నాను. పొరపాటు. ఇంక వదిలేయ్."

"తప్పుగా విన్నది పొరపాటే. విన్నది మాత్రం పొరపాటు కాదు. ఆయన విన్నది ఇందులో ఉన్న కెమెరాలోంచి వదినా. చూసింది కూడా."

వదిన నవ్వు ఆగింది. "నీ క్షేమం కోసమే..." అంటున్నారాయన. నా మాట నేను ఆపలేదు. "ఆ జాన్రాకి నిన్న నిర్వచనం రాసిచ్చాను. ఆమోదించారు. ఉద్యోగం ఖాయం. మీరందరూ కూడా వినండి: ఈ ఆటలో ఉన్న మనిషి తనకు తాను కనిపించదు. ఆమెను మాత్రం ఎవరో చూస్తూనే ఉంటారు."

అత్తగారు ముందుకు వంగి ఆ గడియారాన్ని చేతిలోకి తీసుకున్నారు, తిప్పి తిప్పి చూశారు, రంధ్రం మీద బొటనవేలు పెట్టి నొక్కారు. తలెత్తి కొడుకుని చూశారు.

"నాయనా, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన మొన్నొకటి పెట్టావే. అదీ ఇలాంటిదేనా?"

ఆయన నేలచూపులు చూశారు.

అత్తగారు పమిట భుజాల మీదుగా నిండా కప్పుకున్నారు. కొడుకు ముందు ఆవిడ అలా కప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్, రేపు వడ్రంగిని పిలువు. నీ గదికి లోపలివైపు గడియ పెట్టించు. వంటింటికి కూడా."

"వంటింటికి తలుపే లేదు అత్తయ్యా."

"అయితే తలుపు పెట్టించు."