అక్కను కత్తిరించిన ఫొటో

ముక్కాలిపీటగాడు చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. వాడు నా భార్యకు స్వయానా తమ్ముడు. ఫొటో స్టూడియో నడుపుతాడు. ఎక్కడికెళ్లినా మూడు కాళ్ల కెమెరా స్టాండు చంకలో ఉంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

ప్రయాణాలు బందయిన ఏడాది రోడ్డు మీద తిరిగింది మాలాంటి లారీ డ్రైవర్లే. మాకైనా సరిహద్దు గేటు దాకానే పర్మిట్టు. అక్కడ నేను దిగితే అవతలి డ్రైవరు బండెక్కేవాడు. గేటు నంబరు పడేలా ఫొటో తీసి పంపితేనే ఓనరు నమ్మేవాడు. ఏనాడూ ఫొటో తీసి ఎరగని నా ఫోన్లో అలా రెండు వందల పైచిలుకు గేట్లు చేరాయి.

తొమ్మిదో నంబరు గేటు అవతల మా అక్క ఉండేది. ఒంట్లో బాగాలేకపోయినా నన్ను చూడాలని గేటు దాకా నడిచొచ్చింది. మధ్యలో పాతిక అడుగులు. రెండడుగులు వేశానో లేదో కాపలావాడి కర్ర నా మోకాలి చిప్ప మీద పడింది. కూలబడ్డాను.

"కొట్టకయ్యా, వాడు నా తమ్ముడు!" అని అక్క చెయ్యెత్తి అరిచింది.

రెండో దెబ్బ పడేలోపు ఫోనెత్తి అక్క ఫొటో నొక్కాను. పన్నెండో రోజున అక్క పోయింది. ఆఖరి చూపుకు కూడా గేటు ఎత్తలేదు.

తర్వాత ఫోను చస్తూ బతుకుతుంటే, ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని ముక్కాలిపీటకు ఇచ్చాను. ఎక్కించి, ఫోన్లో ఒక్కటి లేకుండా తుడిచేసి ఇచ్చాడు. అక్క ఫొటో పెద్దది చేసివ్వమని ఐదు నెలలు తిరిగాను. రేపు బావా, ఎల్లుండి బావా.

ఒకరోజు పొద్దున్నే వెళ్తే స్టూడియో గోడ నిండా నా గేట్లే, అద్దాల ఫ్రేముల్లో. పైన వాడి పేరుతో బోర్డు: 'కదలనివ్వని ఏడాదిలో నాకు నచ్చిన నా ప్రయాణాలు.' ఆ ఏడాది వాడు వీధి చివర దాటితే ఒట్టు. తొమ్మిదో గేటు నట్టనడుమ ఉంది. గేటు, రోడ్డు, ఎండ. అంచున అక్క చెయ్యి, మణికట్టు దాకా.

"అక్కేదిరా?"

"వదిన అడ్డంగా ఉంది బావా. రోడ్డు ఖాళీగా ఉంటేనే అందం. నీకివి తెలీవులే, నువ్వు స్టీరింగు తిప్పుకో."

"మా అక్కను కత్తిరించావా?"

"చెయ్యి ఉంచాగా!" అని నవ్వాడు.

నవ్విన నోటి మీదే గుద్దాను. వాడి పన్ను నా పిడికిట్లో దిగింది. వాడు స్టాండు తిప్పి కొడితే చెవి గుయ్యిమంది, మెడ మీదికి వెచ్చగా కారింది. జుట్టు పట్టి వాడి మొహాన్ని తొమ్మిదో గేటుకేసి బాదాను. అద్దం పగిలింది, నుదురు చీలింది. ఫొటోలోని చెయ్యి వాడి నెత్తురులో మునిగిపోయింది.

"అక్కా, నీ మొగుడు చంపేస్తున్నాడే!" అని వీధిలోకి అరిచాడు.

వాడికి పిలవడానికి అక్క ఉంది. నాకు ఒళ్లు తెలియలేదు. బల్ల మీది కంప్యూటరు తెర జోలికి మాత్రం పోలేదు. అక్క అందులో ఉందని నా నమ్మకం. కింద ఉన్న పెట్టె కరెంటుది అనుకున్నాను. తీగలతో సహా పీకి వాడి భుజం మీద వేశాను. ఎముక పుల్లలా విరిగింది. రెండోసారి ఎత్తితే వాడు పక్కకు దొర్లాడు, పెట్టె నేలకు తగిలి బద్దలైంది. ఆ కసి పెట్టె మీదే తీర్చుకున్నాను. లోపలి బిళ్ల ముక్కలయ్యేదాకా బూటుకాలితో తొక్కాను.

వాడు నెత్తురు ఉమ్మి, "ఆగు బావా... వదిన ఫొటో ఆ బిళ్లలోనే ఉంది," అన్నాడు.

"ఇంకెక్కడా లేదా?"

"లేదు."

తెర ముందు కూర్చుని మీటలన్నీ నొక్కాను. పోలీసులు వచ్చి రెక్క పట్టి లేపేదాకా నొక్కుతూనే ఉన్నాను.

కేసు లేకుండా రాజీ అన్నారు. నా భార్యే తమ్ముడి తరఫున కూర్చుని మాట్లాడింది. విరిగిన భుజానికి, ఊడిన మూడు పళ్లకు, పోయిన పెట్టెకు కలిపి, పదహారేళ్లు లారీ తోలి బైపాసు పక్కన కొనుక్కున్న స్థలం ముక్కాలిపీటగాడి పేర రాసిచ్చాను. నూట నలభై మూడు గజాలు.